ఇన్‌టు ద బ్రీచ్: శత్రువు తన ఎత్తు ముందే చెప్పేసే ఆట

వీడియో గేమ్ అంటే వేళ్ళు చురుగ్గా కదలాలి అనుకునేవాళ్ళకి నేను ముందుగా చూపించే ఆట ఇన్‌టు ద బ్రీచ్. ఇందులో పరుగు లేదు, టైమర్ లేదు. మన వంతు వచ్చాక టీ పెట్టుకొచ్చి, తాగుతూ అరగంట ఆలోచించినా ఆట అలాగే నిలబడి ఉంటుంది. అయినా సరే, నేను ఆడిన వాటిలో ఇంత టెన్షన్ పెట్టే ఆట ఇంకోటి లేదు. ఆ టెన్షన్ ఎక్కణ్ణించి పుడుతుందో చెప్పడానికే ఈ రివ్యూ.

నేను విజయవాడలో ఒక ఆడిటర్ గారి దగ్గర అకౌంట్స్ చూస్తాను. ఇంటికొచ్చి వంటా అదీ అయ్యాక రాత్రి నాదంటూ మిగిలేది ఒక గంట. ఆ గంటలో ఒక పోరాటమైనా పూర్తవ్వాలి, మధ్యలో ఎవరైనా పిలిస్తే వదిలేసి లేవగలగాలి, పాత లాప్‌టాప్ మీద ఆగకుండా నడవాలి. ఇవి ఉన్న ఆటలు చాలానే ఉన్నాయి. ఇవన్నీ ఉండి, మర్నాడు ఆఫీసులో లెడ్జర్ తిరగేస్తున్నప్పుడు కూడా బుర్రలో మెదిలేది ఇదొక్కటే.

దీన్ని తయారుచేసింది సబ్‌సెట్ గేమ్స్ అనే చిన్న స్టూడియో. జస్టిన్ మా, మాథ్యూ డేవిస్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. 2012లో ఎఫ్‌టీఎల్ అనే అంతరిక్ష నౌక ఆటతో వాళ్ళకి పేరొచ్చింది. ఇన్‌టు ద బ్రీచ్ 2018 ఫిబ్రవరిలో విడుదలైంది. ఆ ఏడాది ద గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ స్ట్రాటజీ గేమ్ బహుమతి దీనికే ఇచ్చారు. ఎఫ్‌టీఎల్ కూడా నాకిష్టమే. కానీ అందులో అదృష్టం పాత్ర ఎక్కువ. ఎంత జాగ్రత్తగా నడిపినా ఒక్కోసారి దారిలో ఎదురైనదాన్ని బట్టి కథ ముగిసిపోతుంది. అదే ఇద్దరు రెండో ఆటకి వచ్చేసరికి అదృష్టాన్ని దాదాపు గుమ్మం బయటే ఆపేశారు.

కథ రెండు ముక్కల్లో చెప్పొచ్చు. సముద్రం పొంగి భూమి చాలావరకు మునిగిపోయింది. మిగిలిన దీవుల్లో మనుషులు బతుకుతుంటే నేల లోపల్నుంచి వెక్ అనే రాకాసి పురుగులు బయటికొస్తున్నాయి. భవిష్యత్తులో ఓడిపోయిన సైనికులు కాలంలో వెనక్కి వచ్చి, మెక్ అనే భారీ యంత్రాలెక్కి, ఈసారైనా మనుషుల్ని కాపాడాలని చూస్తారు. ఆట జరిగే చోటు ఎనిమిదింటి ఎనిమిది గడుల బోర్డు, సరిగ్గా చదరంగం పలకంత. మన దగ్గర ఉండేది మూడు మెక్‌లు. ఒక్కో పోరాటం నాలుగైదు టర్న్‌లు. అవి గట్టెక్కితే మిగిలిన పురుగులు వాటంతటవే భూమిలోకి వెళ్ళిపోతాయి.

ఇక అసలు సంగతి. ప్రతి టర్న్‌లో ముందు కదిలేది పురుగులే. కానీ కదిలి ఊరుకుంటాయి, కొట్టవు. ఏ పురుగు ఏ గడి మీద దెబ్బ వేయబోతోందో, ఆ దెబ్బ ఎంతో, ఏది ముందు ఏది తర్వాతో, అన్నీ బోర్డు మీద గీసి చూపిస్తుంది ఆట. తర్వాతి టర్న్‌లో కొత్త పురుగు ఏ గడిలోంచి పైకొస్తుందో కూడా నేల అదిరి చూపిస్తుంది. ఇవన్నీ చూశాక మన వంతు. మన దెబ్బ తగులుతుందా తగలదా అన్న అనుమానం లేదు, వేసిన ప్రతి దెబ్బా తగులుతుంది. కొన్ని టర్న్ బేస్డ్ ఆటల్లో తొంభై శాతం గురి అని తెర మీద చూపించి, తుపాకీ పక్క గోడని పేలుస్తుంది. ఆ ఒళ్ళుమంట ఇక్కడ లేదు.

అన్నీ ముందే తెలిసినప్పుడు ఇంక కష్టమేముంది అనిపిస్తుంది. కష్టమంతా అక్కడే ఉంది. తెలిసిన కష్టాలు ఐదుంటాయి, ఆపడానికి చేతులు మూడే ఉంటాయి.

ఒక టర్న్ మొత్తం చెప్తాను. ఆర్కైవ్ దీవి, పచ్చిక నేల. బోర్డు నడిమధ్య స్కార్పియన్ అనే తేలు పురుగు ఉంది. దానికి ఎడమ పక్క గడిలోనే ఇల్లు, దాన్నే కొట్టబోతోంది. స్కార్పియన్‌కి సరిగ్గా పై వరసలో, కుడి చివర ఫైర్‌ఫ్లై అనే ఇంకో పురుగు. అది ఆ వరస పొడుగునా ఎడమవైపుకి ఉమ్మబోతోంది. వరస ఆ కొసన ఇంకో ఇల్లుంది. బోర్డు కింది భాగంలో పవర్ ప్లాంట్‌ని ఆనుకుని హార్నెట్ అనే మూడో పురుగు. ఇవి చాలవన్నట్టు ఒక గడిలో నేల అదురుతోంది. మాకు మిగిలిన గ్రిడ్ పవర్, అంటే ఊళ్ళ కరెంటు, రెండే. ఇల్లు ఒకటి పోతే ఒకటి తగ్గుతుంది, సున్నా అయితే ఆట అంతే.

నా చేతిలో ఉన్నది మొదటి జట్టు, రిఫ్ట్ వాకర్స్. కంబాట్ మెక్ పక్క గడిలో ఉన్నదాన్ని గుద్దుతుంది, దెబ్బ రెండు. కానన్ మెక్ దూరం నుంచి ఒక గుండు పేలుస్తుంది, దెబ్బ ఒకటే, కానీ తగిలినదాన్ని ఒక గడి వెనక్కి నెడుతుంది. ఆర్టిలరీ మెక్ గోడలూ కొండలూ దాటించి గుండు వేస్తుంది, పడ్డ గడి చుట్టూ నాలుగు వైపులా ఉన్నవాటిని బయటికి తోస్తుంది. స్కార్పియన్ ప్రాణం మూడు. కంబాట్ మెక్ గుద్దినా చావదు. ఫైర్‌ఫ్లై మీదికి ముగ్గురిలో ఎవరికీ గురి కుదరట్లేదు. తలా ఒకదాన్ని చూసుకుంటే సరిపోతుందనుకునే లెక్క ఇక్కడే తప్పుతుంది.

మా అబ్బాయి ఎనిమిదో తరగతి. హోంవర్క్ వంక పెట్టుకుని పక్కన కూర్చుని చూస్తుంటాడు. కాసేపటికి వాడన్నాడు: "అమ్మా, ఆ తేలుని పైకి జరిపితే ఫైర్‌ఫ్లైకి అడ్డం వస్తుందిగా?"

వస్తుంది. కానన్ మెక్‌ని స్కార్పియన్ కిందుగా అదే నిలువు వరసలో పెట్టి పైకి పేల్చాను. స్కార్పియన్ ఒక దెబ్బ తిని ఒక గడి పైకి జరిగింది. ఇప్పుడూ అది ఎడమవైపే కొడుతుంది, కానీ అక్కడ ఖాళీ గడి తప్ప ఏమీ లేదు. పైగా అది నిలబడ్డ చోటు ఫైర్‌ఫ్లై ఉమ్మే దారి. ఇంటికి తగలాల్సింది స్కార్పియన్‌కి తగిలింది. ఒక్క గుండుతో రెండు ఇళ్ళు నిలిచాయి. కంబాట్ మెక్ కిందికి నడిచి హార్నెట్‌ని గుద్దింది. దాని ప్రాణం రెండే కాబట్టి అక్కడికక్కడే పోయింది. ఆర్టిలరీ మెక్‌కి పనేమీ మిగల్లేదు. దాన్ని తీసుకెళ్ళి అదురుతున్న గడి మీద నిలబెట్టాను. ఒక దెబ్బ తింది గానీ, కింద ఉన్న పురుగు పైకి రాలేకపోయింది. ఎండ్ టర్న్ నొక్కాక గ్రిడ్ రెండు రెండుగానే ఉంది. వాడు చప్పట్లు కొట్టి, నేను చెప్పినందుకే గెలిచావంటూ వాళ్ళ నాన్నకి చెప్పడానికి పరుగెత్తాడు.

ఇలాంటిది ఎప్పుడో ఒకసారి కాదు, దాదాపు ప్రతి టర్న్‌లోనూ జరుగుతుంది. చూడగానే ఇంక అయిపోయింది, ఏదో ఒక ఇల్లు వదులుకోక తప్పదు అనిపిస్తుంది. ఐదు నిమిషాలు కదలకుండా చూస్తే ఒక దారి కనిపిస్తుంది. అన్నిసార్లూ కనిపించదు, కొన్నిసార్లు నిజంగానే ఉండదు. కానీ ఉండే అవకాశం ఎంత తరచుగా ఉందో ఒకసారి రుచి చూశాక, వెతక్కుండా టర్న్ ముగించడానికి చెయ్యి రాదు. నన్ను కట్టిపడేసేది ఈ వెతుకులాటే. బలం పెరిగే కొద్దీ ఆనందం పెరిగే ఆటలు వేరే ఉన్నాయి. ఇక్కడ బలం ఎప్పుడూ చాలదు, చూపు పదును కావాలి.

ఇంకొకటి, ఇందులో గెలుపంటే పురుగుల్ని చంపడం కాదు. ఈ విషయం బుర్రకెక్కడానికి కొంచెం టైం పడుతుంది, ఎక్కాక ఆట మొత్తం మారిపోతుంది. చంపితే పైలట్లకి అనుభవం పెరుగుతుంది, అంతవరకే. నిలవాల్సింది ఇళ్ళు. ప్రతి ఇంట్లో ఎంతమంది ఉన్నారో ఆట చూపిస్తుంది, మెక్‌లు దిగగానే కిటికీల్లోంచి జనం మాటలు తెర మీద పడతాయి. ఒక భవనం కూలితే వచ్చే చప్పుడు, ఆ వెంటనే గ్రిడ్‌లో ఒక గీత ఆరిపోవడం చాలా చిన్న విషయాలు, కానీ మనసుకి తగులుతాయి. ఇంటి మీద పడబోయే దెబ్బకి మన మెక్‌నే అడ్డం పెట్టడం చాలాసార్లు సరైన ఎత్తు. మెక్‌ని తర్వాత బాగుచేసుకోవచ్చు. పోరాటం అయ్యాక అదే పూర్తిగా బాగవుతుంది కూడా. ఇల్లు తిరిగి లేవదు. యుద్ధం ఆటల్లో ఇంత తిన్నగా "ముందు జనం" అని చెప్పినది నేను ఇంకోటి చూడలేదు. పాఠాలు చెప్పి కాదు, లెక్కలో పెట్టి చెప్పింది.

నేల కూడా ఆడుతుంది ఇందులో. ఎగరని మామూలు పురుగుని నీళ్ళలోకి నెట్టినా, అగాధంలోకి నెట్టినా ప్రాణం ఎంతున్నా లెక్కలేదు, పోతుంది. అడవి గడి మీద దెబ్బ పడితే అంటుకుంటుంది. ఇసుక గడి మీద పడితే పొగ లేస్తుంది, పొగలో ఉన్నవాళ్ళు కొట్టలేరు. మంచు గడి రెండు దెబ్బలకి పగిలి నీరవుతుంది. రెండు ఒకదాన్నొకటి గుద్దుకుంటే రెండింటికీ ఒక్కో దెబ్బ. ఈ చివరి నియమం ఇళ్ళకీ వర్తిస్తుంది కాబట్టి పురుగుని ఏ వైపుకి తోస్తున్నామో చూసుకుని తోయాలి. ఆర్కైవ్ దీవిలో ఒక పోరాటంలో ఆనకట్ట పగలగొట్టమంటారు. పగలగొడితే నీళ్ళొచ్చి ఆ దారిలో ఉన్న గడులన్నీ ఏరు అయిపోతాయి. మొదటి టర్న్‌లోనే పగలగొట్టేయొచ్చు. కాస్త ఆగి, పురుగులు ఆ దారిలోకి వచ్చాక పగలగొడితే వచ్చే తృప్తి వేరు. ఇంకో దాంట్లో రైలు వెళ్తుంటుంది, పట్టాల మీద ఏమీ లేకుండా చూడాలి.

దీవులు నాలుగు. ఆర్కైవ్ పచ్చిక, ఆర్ఎస్‌టీ ఎడారి, పినకిల్ మంచు, డెట్రిటస్ చెత్తా ఆమ్లం. ఏవైనా రెండు దీవులు కాపాడాక ఆఖరి యుద్ధానికి వెళ్ళొచ్చు, లేదా మూడు, నాలుగు పూర్తి చేసి వెళ్ళొచ్చు. నేను ఎక్కువగా మూడింటితో వెళ్తాను.

జట్ల గురించి చెప్పకపోతే ఈ రివ్యూ సగమే. మొదట వచ్చినప్పుడు ఒక రహస్య జట్టు కాక ఎనిమిది ఉండేవి. 2022 జులైలో అడ్వాన్స్‌డ్ ఎడిషన్ అనే అప్‌డేట్ వచ్చి ఇంకో ఐదు జట్లు, నలుగురు పైలట్లు, కొత్త పురుగులు చేరాయి. ఆట ముందే కొన్నవాళ్ళకి అది ఉచితంగా ఇచ్చారు. ఫోన్‌లో ఆడే వెర్షన్ నెట్‌ఫ్లిక్స్ ద్వారా వచ్చింది కూడా అప్పుడే. జట్టు మారిస్తే ఆయుధాలు మారడం మాత్రమే కాదు, ఆలోచించే తీరే మారుతుంది. రస్టింగ్ హల్క్స్ పొగతో ఆడే జట్టు, దాని పొగలో నిలబడ్డ పురుగు కొట్టలేదు సరికదా దెబ్బ కూడా తింటుంది. ఫ్రోజెన్ టైటన్స్‌లో ఒక మెక్ ఎదుటిదాన్ని గడ్డకట్టించాలంటే తానూ గడ్డకట్టుకోవాలి.

నాకు ప్రాణం స్టీల్ జూడోకా. ఇందులో జూడో మెక్ పక్కనున్న పురుగుని పట్టుకుని తన వెనక గడిలోకి విసురుతుంది. దానికదే పెద్ద దెబ్బేమీ కాదు. కానీ ఈ జట్టుతో పాటు వచ్చే ఒక గుణం వల్ల పురుగు దెబ్బ ఇంకో పురుగుకి తగిలితే ఒకటి ఎక్కువ తగులుతుంది. కాబట్టి మన పని కొట్టడం కాదు, వాటిని జరిపి జరిపి ఒకదాని దెబ్బ ఇంకోదాని మీద పడేలా సర్దడం. బాగా కుదిరిన టర్న్‌లో మన మెక్‌లు వేసిన దెబ్బలు నామమాత్రం. ఎండ్ టర్న్ నొక్కి చేతులు కట్టుకు కూర్చుంటే బోర్డు తనంతట తానే ఖాళీ అవుతుంది. దీన్ని కుదుర్చుకోవడం రిఫ్ట్ వాకర్స్ కంటే కష్టం, కుదరని రోజున చిత్తుగా ఓడిస్తుంది.

పైలట్లు కూడా లెక్కలోకి వస్తారు. కమీలా వేరా నడిపే మెక్‌ని స్కార్పియన్ దారాలు కట్టేయలేవు, పొగ కూడా ఆపలేదు. ఐజాక్ జోన్స్ ఉంటే ప్రతి పోరాటంలో ఒక రీసెట్ అదనంగా దొరుకుతుంది. ఈ రీసెట్ గురించి చెప్పాలి. మెక్‌ని కదిపాక, ఆయుధం వాడనంత వరకు ఆ కదలికని ఎన్నిసార్లైనా వెనక్కి తీసుకోవచ్చు. ఆయుధం వాడేశాక మాత్రం పోరాటానికి ఒక్కసారే ఆ టర్న్ మొత్తాన్ని మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఆ ఒక్కటి ఎప్పుడు వాడాలన్నది ఇంకో మథనం. ఇప్పుడు వాడేస్తే తర్వాతి టర్న్‌లో లేదు. దాచుకుంటే ఇప్పుడు ఇల్లు పోతుంది.

అదృష్టాన్ని పూర్తిగా తీసేశారా అంటే లేదు. ఇంటి మీద దెబ్బ పడినప్పుడు అది తట్టుకునే అవకాశం మొదట్లో 15 శాతం ఉంటుంది, గ్రిడ్ నిండిపోయాక వచ్చే అదనపు పవర్‌తో అది పెరుగుతుంది. అంటే ఉన్న కాస్త అదృష్టమూ మన వైపే పనిచేస్తుంది. అది నమ్ముకుని ఆడకూడదు, కానీ ఇల్లు పోయిందనుకున్న క్షణంలో అది నిలబడితే ఇంట్లో అందరికీ వినపడేలా అరుస్తాను.

ఓడిపోవడాన్ని కూడా ఆటలో భాగం చేశారు. గ్రిడ్ సున్నా అయితే పురుగులు ఊరిని ముంచెత్తుతాయి. అప్పుడు బతికున్న పైలట్లలో ఒకర్ని ఎంచుకుని ఇంకో కాలరేఖలోకి పంపొచ్చు, వాళ్ళు తమ అనుభవంతో సహా మళ్ళీ మొదటి దీవికి వస్తారు. మిగతావాళ్ళని అక్కడే వదిలెయ్యాలి. ఆ ఎంపిక చేసేటప్పుడు తెర మీద పెద్ద హంగామా ఏమీ ఉండదు. బెన్ ప్రంటీ సంగీతం కూడా అణకువగా ఉంటుంది. నాకైతే ప్రతిసారీ కొంచెం గొంతు పట్టేస్తుంది.

లోపాలు లేకపోలేదు. ఆఖరి యుద్ధం అగ్నిపర్వతం దగ్గర, రెండు భాగాలుగా జరుగుతుంది. నాలుగు దీవుల్లో ఉన్న పొందిక అందులో తగ్గింది. గందరగోళం ఎక్కువ, తెలివైన ఎత్తుకి చోటు తక్కువ. దీవుల అధిపతుల మాటలు కొన్నాళ్ళకి కంఠస్థమైపోతాయి. కథ కోసం ఆడేవాళ్ళకి ఇందులో పెద్దగా దొరకదు, నాగరికతలు కట్టి సామ్రాజ్యాలు ఏలాలనుకునేవాళ్ళకీ ఇది కాదు. అక్షరాలు చిన్నవి, తెలుగు లేదు. అయితే వాక్యాలు పొట్టివి, చాలావరకు బొమ్మలే చెప్తాయి కాబట్టి మా అబ్బాయికి ఇబ్బంది కాలేదు. అడ్వాన్స్‌డ్ ఎడిషన్ బాగుంది గానీ కొత్తవాళ్ళకి ఒక్కసారిగా ఎక్కువైపోతుంది. కావాలంటే దాన్ని ఆపి పెట్టుకోవచ్చు.

కంప్యూటర్ మీద స్టీమ్‌లో దొరుకుతుంది, నింటెండో స్విచ్‌లోనూ ఉంది. స్టీమ్‌లో సేల్ పెట్టినప్పుడు ధర బాగా తగ్గుతుంది, తొందర లేకపోతే అప్పటిదాకా ఆగండి. మొదటిసారి ఆడేవాళ్ళు ఈజీలో మొదలుపెట్టడానికి మొహమాటపడొద్దు. అక్కడ పురుగులు తక్కువగా వస్తాయి, ఎవరు ఎవర్ని ఎటు తోస్తే ఏమవుతుందో చూసుకోవడానికి తీరిక దొరుకుతుంది. కొత్త జట్లు తెరుచుకోగానే రిఫ్ట్ వాకర్స్‌ని వదిలెయ్యకండి. నెట్టడం అనే ఒక్క పని ఆ ముగ్గురితో బాగా పట్టుబడ్డాకే జూడోకా దగ్గరికి రండి. అడ్వాన్స్‌డ్ ఎడిషన్‌లో అన్‌ఫెయిర్ అనే నాలుగో స్థాయి కూడా ఉంది. దాన్ని జూడోకాతో గెలవాలన్నది ఇప్పుడు నా పట్టుదల.